పదమూడో నెల

చవితి పోయిన నాలుగో నాడు
మేడమీది రూములోంచి పొగ.
బకెట్టు నీళ్ళెత్తుకోని పరిగెత్తినా.
తలుపు తీసే ఉండాది.
నేలమీద పచ్చగడ్డి పరిచి
నడాన బొగ్గుల కుంపటి పెట్టి
గీతాచారి కాఫీ గింజలు వేయిస్తా ఉండాడు.

అసలు పేరు గెటాచ్యూ.
మూడేళ్ళుగా మా వీధి వీధంతా
నోరు తిరక్క గీతాచారిని చేసేసింది.
పాలబ్బాయైతే ఏకంగా సామీ అంటాడు.
యూనివర్సిటీలో మట్టి చదువు.
పొట్లాలు పొట్లాలు మన్ను తెచ్చి
నా మిద్దెమీద ఎండబెడతాడు,
వడియాలకు చోటు లేకుండా.

గడ్డి యాడిదంటే
కపిలతీర్థం ముందర కొన్నాడంట, ఇరవై రూపాయలు.
ఆవుకు పెట్టకుండా కట్ట చంకనేసుకోని పోతా ఉంటే
గడ్డమ్మే ఆమె ఒకటే కేకలంట,
పుణ్యం ఈడుండాది, నువ్వు యాడికి పోతావని.

ఈ పొద్దు మా కొత్త సంవత్సరం, అన్నాడు.
గోజామ్‌లో వాళ్ళమ్మ ఈపాటికి
ఇల్లంతా గడ్డి పరిచుంటాదంట.
చెల్లెండ్లు పసుపచ్చ పూలు కోసుకోని
గడప గడపకీ పాడతా పోతారంట.
ఫోను చేస్తే కలవలేదు. నెలగా కలవలేదు.
అది చెప్పేటప్పుడు గింజల్ని
కొంచెం గట్టిగా తిప్పినాడు, అంతే.

కూర్చోమన్నాడు. కూర్చున్నా.
బకెట్టు పక్కనే పెట్టుకున్నా.
కుంపట్లో వేసింది మన సాంబ్రాణే.
తట్టలో తట్టంత దోసె, ఒకపక్కే కాలింది,
ఒళ్ళంతా కండ్లు.
నోట్లో పెట్టుకుంటే పుల్లగా రాగులు.
నా డబ్బాలో పిండే, మొన్న అడిగి పెట్టించుకున్నాడు.
మా కడ దీన్ని దాగుస అంటాం, అన్నాడు
ఇంట్లోవాళ్ళ పేరు పలికినట్టు.
మొదటి కప్పు. రెండో కప్పు.
మూడోది తాగకుండా లేవకూడదంట,
దీవెన దాంట్లోనే ఉంటాదంట.

మాట కలపాలని అడిగినా,
ఇప్పుడు మీకు ఎన్నో సంవత్సరం నాయినా?
రెండు వేల పదిహేడు, అన్నాడు.
మా దేశం మీకంటే ఏడేళ్ళు వెనక నడుస్తాదమ్మా.
నెలలు పదమూడు. ఆఖరిది పొట్టిది, అయిదు రోజులే.
మాకూ అధికమాసం ఉండాదిలే అని నవ్వబోతే
నవ్వు మధ్యలో లెక్క తగిలింది.

మాయన పోయి ఈ కార్తీకానికి ఆరేళ్ళు.

కప్పు కింద పెట్టినా.
అంటే నీ దేశంలో
ఆయన ఇంకా కొండకు బస్సు తోలతా ఉండాడు.
ఘాటు మలుపులో గేరు మార్చేటప్పుడు
గొంతు సవరించుకుంటా ఉండాడు.
రాత్రి పదకొండుకొచ్చి ఖాకీ చొక్కా మేకుకు తగిలించి
సంగటి చల్లారిందని అలుగుతా ఉండాడు.
నేనింకా విసుక్కుంటా ఉండాను.

ఇదంతా పైకి అనలేదు.
అన్నానో ఏమో.
అతను లేచి కిటికీకాడ చెంబులోంచి
గుప్పెడు తంగేడు పూలు తీసి
రెండు చేతుల్తో ఇచ్చినాడు.
చెర్లోపల్లె పక్క గుట్టకింద కోసినాడంట.
వాళ్ళ పువ్వు వేరేనంట, రంగు మాత్రం ఇదేనంట.

ఆరేళ్ళుగా పెండ్లిండ్లలో పూలతట్ట
నాకాడికొచ్చేసరికి పక్కకు తిరిగిపోతాది.
ఈ పిల్లోడికి ఏం తెలుసు పాపం.
తెలియకేనా?
తీసుకున్నా.

వీధిలో వినాయకుణ్ణి ట్రాక్టరెక్కిస్తా ఉండారు.
మైకు మోతకు కప్పులు అదురుతా ఉండాయి.
ఆ మోతలోనే ఫోను గుర్రుమనింది.
ఇద్దరం ఒకేసారి చూసినాం.
కరెంటు బిల్లు మెసేజి.

వచ్చే ఏడు ఆ కార్తీకం
గోజామ్‌కూ వస్తాది.
అప్పటికి ఇతని చదువైపోతాది,
మిద్దెమీద మన్నుండదు, వడియాలకు చోటే చోటు.

మూడో కప్పు తాగి లేచినా.
ఒక పువ్వు కొప్పులో గుచ్చుకోని మెట్లు దిగినా.
మా మిద్దెకు పదమూడు మెట్లు,
మేస్త్రి కొలత తప్పి ఆఖరిది పొట్టిదైంది.
పన్నెండు దిగి
దానిమీద కూర్చుండిపోయినా చాలాసేపు.
బకెట్టు పైనే మర్చిపోయినా.